టచింగ్ మాస్టారు వేసిన ఇసుకతిన్నె

టచింగ్ మాస్టారు జీవితంలో ఎవరికీ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు. మాస్టారు అన్న మాట ఫొటో స్టూడియోలో వాళ్ళు తగిలించింది, ఊరు దాన్ని ఖాయం చేసింది. ఆయన పనల్లా స్టూడియో వెనక గదిలో, కిటికీకి ఆనించిన ఏటవాలు బల్ల ముందు కూర్చుని, గాజు నెగెటివ్‌ల మీద మనుషుల ముఖాలు బాగుచెయ్యడం. దాన్నే టచింగ్ అనేవారు. మొటిమలు తీసేవాడు, మెల్లకన్ను సరిచేసేవాడు, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించేవాడు. నలభై ఏళ్ళపాటు ఊరి పెద్దమనుషులందరూ దేవుడిచ్చిన ముఖం చాలక ఆయన దగ్గర ఇంకోటి చేయించుకుపోయారు. వాళ్ళలో ఒక్కడూ బజారులో ఎదురుపడితే పలకరించేవాడు కాదు. తన అసలు ముఖం తెలిసినవాడితో ఎవరికి మాత్రం మాట్లాడబుద్ధవుతుంది?

దానికి ఆయన బాధపడ్డాడనుకుంటే పొరపాటే. ఊరు ఆయన్ని ఎంత చులకనగా చూసిందో ఆయన ఊరిని అంతకు రెట్టింపు చులకనగా చూశాడు. "ఫొటోలో ఉన్న ముఖమే తనదని నమ్మే గొర్రెలు" అనేవాడు. తనూ ఆ మందలోవాడేనన్న సంగతి ఆయనకి తట్టడానికి డెబ్భై అయిదేళ్ళు పట్టింది.

ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. నెగెటివ్‌లో అంతా తలకిందుల వ్యవహారం. నలుపు తెల్లగా, తెలుపు నల్లగా కనిపిస్తుంది. ఉన్నదాన్ని మాయం చెయ్యాలంటే దానిమీద ఎర్రరంగు పూయాలి, అప్పుడు కాగితం మీద ఆ చోటు తెల్లగా, ఖాళీగా పడుతుంది. లేనిదాన్ని పెట్టాలంటే కత్తిమొనతో గీకాలి, గీకినచోట నల్లగీత పడుతుంది. స్టూడియో ఓనరు మొదటిరోజే చెప్పాడు. "రంగు ఎప్పుడూ వెనకవైపు, నున్నటి గాజు మీదే వెయ్యాలిరా. తప్పుపోతే తడిదూదితో తుడుచుకోవచ్చు. కత్తి అలాక్కాదు. ఒకసారి గీకావంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా అతకలేడు."

ఆ ఓనరు ముఖాలతోపాటు ఊరి దృశ్యాలు కూడా తీసి పోస్టుకార్డులుగా అచ్చువేసేవాడు. గడియారస్తంభం, రైలువంతెన, చెరువు, పోస్టాఫీసు. గడియారం ఎప్పుడో ఆగిపోయింది కనక మాస్టారు దాని ముళ్ళని పది గంటలకు సవరించాడు. ఆకాశం మరీ బోడిగా ఉందని ప్రతి కార్డులోనూ కత్తితో అయిదు పక్షుల్ని గీకాడు. ఎప్పుడూ అయిదే, ముందు రెండు, వెనక మూడు. సంతకం పెట్టే హక్కు లేని పనివాడి సంతకం అది.

స్టూడియో మూతపడి చాలా ఏళ్ళయ్యాక, భార్య కూడా పోయి ఆయన ఆ స్టూడియో మేడమీది రెండు గదుల్లో ఒంటరిగా కాలక్షేపం చేస్తున్న రోజుల్లో, ఊళ్ళో చరిత్ర సంఘం ఒకటి పుట్టింది. అధ్యక్షుడు మందుల షాపాయన. దగ్గుమందు అమ్ముతూ మధ్యమధ్య చరిత్ర రాసేవాడు, రెండింటిలోనూ మోతాదు ఎక్కువే. పాత పోస్టుకార్డులు పోగుచేసి, భూతద్దం పెట్టి చూసి, కనిపించినదాన్నల్లా చరిత్రగా రాసిపారేసేవాడు. గడియారం పది చూపిస్తోంది కనక ఆ కాలంలో ఊరి పనులన్నీ పదింటికి మొదలయ్యేవన్నాడు. ప్రతి కార్డులోనూ పక్షులున్నాయి కనక అవి అయిదేసి గుంపుగా తిరిగే అరుదైన జాతి అన్నాడు. చెరువు కార్డులో గట్టు పొడుగునా తెల్లటి మేర ఒకటుంది. దానిమీద ఏకంగా నాలుగు పేజీలు రాశాడు. వెండిలా మెరిసే ఇసుకతిన్నెట, సాయంత్రాలు పెద్దమనుషులు అక్కడ షికారు చేసేవారట. ఒక్క షికారుమనిషైనా ఆ బొమ్మలో లేడేమని ఆయనకి అనుమానం రాలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, సంఘం సభ్యులు చప్పట్లు కొట్టారు.

మాస్టారిని పిలిచి, పాత స్టూడియోలో మిగిలిన ఏకైక సాక్షి అని ముందువరసలో కుర్చీ వేశారు. నెగెటివ్‌లు ఏమయ్యాయని అడిగితే, సామాను సర్దుతుంటే పగిలిపోయాయని చెప్పాడు. అవి భద్రంగా ఆయన మంచం కిందే, చెక్కపెట్టెల్లో ఉన్నాయి. చూపిస్తే ఎర్రరంగు కనబడిపోతుంది. తర్వాత అధ్యక్షుడు ఒక కాగితం ముందుపెట్టాడు. సంఘం అచ్చువేయబోయే పుస్తకంలోని చిత్రాలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా తీసినవే అని దాని సారాంశం. మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని సంతకం పెట్టాడు. అయిదు పక్షుల్ని పట్టుకోలేనివాళ్ళు చరిత్ర రాస్తున్నారని లోపల్లోపల నవ్వుకున్నాడు కూడా. తన పనితనానికి అంతకు మించిన మెచ్చుకోలు లేదనుకున్నాడు. అసలు గొయ్యి అక్కడే తవ్వుకున్నాడు మహానుభావుడు.

ఎందుకంటే, ఆ ఇసుకతిన్నె ఉన్నచోటే ఆయన పుట్టాడు.

చెరువు గట్టున పద్నాలుగు ఇళ్ళుండేవి. అన్నీ పనీపాటా చేసుకునేవాళ్ళవే. అందులో మూడోది మాస్టారి తండ్రిది, ఆయన బండ్లు చేసే వడ్రంగి. కిటికీకి ఊచలు కొనే స్తోమత లేక ఒక పాత బండిచక్రాన్ని గోడలో పెట్టి కట్టేశాడు. దానికి నడుమ నుంచి అంచుదాకా పన్నెండు ఆకులుండాలి, ఒకటి విరిగిపోయింది కనకే అది బండికి పనికిరాక గోడకెక్కింది. తల్లి ముందే పోయింది, తండ్రి ఇల్లు కట్టిన పదేళ్ళకి పోయాడు. తమ్ముణ్ణి పెంచింది అక్క. నాలుగిళ్ళ బట్టలుతికి పెంచింది. తమ్ముడికి స్టూడియోలో పని దొరికాక ప్రతిరాత్రీ ఆ ఒక్క చొక్కానీ ఉతికి, గంజిపెట్టి, పొద్దున్నే ఇస్త్రీ చేసి ఇచ్చేది. ఆ చొక్కా మడతలు చూసి వీడు చెరువు గట్టువాడని ఎవరూ అనుకోలేదు. ఎవరైనా అడిగితే గడియారస్తంభం వీధి అని చెప్పేవాడు.

చెరువు ఫొటో తీసినరోజు ఓనరు వెనక కెమెరా డబ్బా మోసుకెళ్ళింది ఆయనే. మర్నాడు నెగెటివ్ ఆరాక ఓనరు దాన్ని వెలుతురుకు పట్టి చూసి ముఖం చిట్లించాడు. "చెరువు బ్రహ్మాండంగా వచ్చిందిరా. ఈ కొంపలే, అన్నంలో రాళ్ళలా ఉన్నాయి. తీసెయ్." అవి మా ఇళ్ళండీ అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ ఒక్క క్షణం ఆయన నోట్లో నాలుక లేనట్టు ఊరుకున్నాడు. ఊరుకుని, కుంచె తీసి, ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రగా పూసేశాడు. పైగా శ్రద్ధగా పూశాడు. అంచులు మెత్తగా, ఇసుక నీళ్ళలోకి జారినట్టు దిద్దాడు. ఓనరు భుజం తట్టాడు. పెళ్ళిసంబంధం కుదిరినప్పుడు మాస్టారు మామగారికి రాసిన మొదటి ఉత్తరం కూడా ఆ కార్డు మీదే. మా ఊరి చెరువు చాలా అందంగా ఉంటుంది అని రాశాడు. పెళ్ళయ్యాక స్టూడియో మేడమీదికి మారిపోయాడు. అక్క ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఏడాదికి ఏ నాలుగుసార్లో వెళ్ళొచ్చేవాడు, అదీ చీకటిపడి, వీధిలో జనం పల్చబడ్డాక.

పుస్తకం అచ్చయిన నెలకి అక్క మెట్లెక్కి వచ్చింది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఆయాసం ఎంతుందో కోపం అంతకు రెట్టింపుంది. చేతిలో ఒక నోటీసు, దానికి గుచ్చిన ఒక బొమ్మ.

"చదువొచ్చినవాడివి, చదివి చెప్పు" అంది.

మాస్టారు చదివాడు. చెరువు గట్టున ఉన్న పద్నాలుగు ఇళ్ళూ ఆక్రమణలు. యాభై ఏళ్ళకు పైగా ఉంటున్నట్టు ఆధారం చూపినవారి జోలికి మున్సిపాలిటీ రాదు. కానీ యాభై అయిదేళ్ళ కిందటి ఈ చిత్రం ప్రకారం అక్కడ ఇసుకతిన్నె తప్ప ఏమీ లేదు. చిత్రం అసలైనదని చరిత్ర సంఘం ధ్రువీకరించింది. పదిహేను రోజుల్లో ఖాళీ చేస్తే, ఆ చోట ఇసుక పోయించి, పూర్వవైభవం ఉట్టిపడేలా నడకదారి వేస్తారు.

తను పూసిన రంగుని లారీలతో తెచ్చి పోస్తారన్నమాట. నవ్వు రావలసినచోట మాస్టారు నోటీసు మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఇందులో మనిల్లేదిరా?" అంది అక్క, బొమ్మ మీద వేలుపెట్టి.

"పాత ఫొటో కదక్కా. సరిగ్గా పడలేదేమో."

"చెరువు పడింది. అవతలి గట్టు పడింది. పైన పోయే పిట్టలు కూడా పడ్డాయి. పద్నాలుగు ఇళ్ళు పడలేదా?"

మాస్టారు నోటీసు తిరగేసి పెట్టాడు.

"నాకు ఆ రోజు బాగా గుర్తుంది" అంది అక్క. "నేను ఆరేసిన దుప్పటి మీంచి నడిచెళ్ళాడు మీ ఓనరు. నేను కిటికీ పక్కన నడుం మీద చెయ్యేసుకుని నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. వెనక డబ్బా మోస్తూ నువ్వున్నావు. నన్నెప్పుడూ చూడనట్టే మొహం పెట్టావు. పోనీలే, ఉద్యోగం కదా, మనవాడని తెలిస్తే చులకనైపోతాడని నేనూ తెలియనట్టే తిట్టాను. నీకూ కలిపి రెండు తగిలించాను. ఆ ఫొటోలో నేను లేకపోవడం ఏంట్రా?"

ఇక మింగడానికీ కక్కడానికీ లేదు. "నేనే తీసేశానక్కా" అన్నాడు.

"తీసేశావా? అంటే?"

రంగు సంగతి చెప్పాడు. ఓనరు చెప్పాడని చెప్పాడు. కుర్రతనం అని చెప్పాడు. అక్క అంతా విని, అడిగింది ఒక్కటే.

"ఎంతసేపు పట్టింది?"

"ఒక అరగంట."

"నాన్నకి కట్టడానికి మూడేళ్ళు పట్టింది" అని, నోటీసు మడిచి బొడ్లో దోపుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. చెయ్యి పట్టుకుని దింపబోతే విదిలించుకుంది.

మాస్టారికి రెండు రోజులు అన్నం సయించలేదు. సిగ్గు అంటే ఏమిటో ఆయనకి అప్పుడు తెలిసింది. ఆలస్యంగానైనా తెలిసింది, అది ఆయనకివ్వగలిగిన పెద్ద కితాబు. మూడోరోజు మందుల షాపుకి వెళ్ళాడు. అధ్యక్షుడు ఎవరికో మాత్రలు కత్తిరిస్తున్నాడు.

"సార్, ఆ చెరువు ఫొటోలో ఇసుక లేదండీ. అది నేను వేసిన రంగు. దానికింద ఇళ్ళున్నాయి."

అధ్యక్షుడు ముందు నవ్వాడు. తర్వాత కత్తెర కింద పెట్టాడు. "వెయ్యి కాపీలు అచ్చయ్యాయి మాస్టారూ. ఎల్లుండే మున్సిపల్ కమిషనర్ మేడమ్‌తో ఆవిష్కరణ, ఫొటోల ప్రదర్శన. అన్నీ నిజమైనవే అని సంతకం పెట్టింది మీరే కదా?"

"అది అబద్ధమండీ."

"మరి ఇదే నిజమని గ్యారంటీ ఏంటి? నెగెటివ్‌లు పగిలిపోయాయన్నారు. పక్షులు కూడా మీరే పెట్టానంటారా?"

"పెట్టానండీ. అయిదూ."

అధ్యక్షుడి ముఖం నిజంగా పాలిపోయింది. ఇళ్ళు పోతున్నాయన్నదానికన్నా పక్షులు పోవడమే ఆయనకి ఎక్కువ తగిలింది. "చూడండి మాస్టారూ, ఆ మూడో ఇంట్లో ఉండేది మీ అక్కగారని నాకు నిన్ననే తెలిసింది. అక్క కోసం అంటున్నారని ఎవరైనా ఇట్టే కనిపెడతారు. పైగా మీరు నలభై ఏళ్ళు లేనిది ఉన్నట్టు చూపించిన మనిషి. మీ మాట ఎవరు నమ్ముతారు?" అని మళ్ళీ కత్తెర అందుకున్నాడు.

ఆ మాటలో తప్పేమీ లేకపోవడమే మాస్టారిని ఎక్కువ కాల్చింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని సంతకం పెట్టి ఇచ్చిన మనిషి, నాలుగో కాలు ఉందంటే ఎవరు వింటారు? ఇంటికి వచ్చి మంచం కింద పెట్టెలు లాగాడు. పదకొండో పెట్టెలో, పాత వార్తాపత్రికలో చుట్టిన చెరువు నెగెటివ్ గాజుపలక దొరికింది. ఎర్రటి పట్టీ ఎండి అక్కడక్కడా పెచ్చులూడబోతోంది. అక్కడే తుడిచేద్దామనుకుని ఆగాడు. నాలుగు గోడల మధ్య తుడిస్తే దాన్నీ తన గారడీ అంటారు. పూసింది ఎవరూ చూడకపోయినా, తుడిచేది నలుగురూ చూడాలి.

ప్రదర్శన గ్రంథాలయం హాల్లో పెట్టారు. గోడల నిండా పెద్దవి చేసిన పోస్టుకార్డులు, ఎటుచూసినా అయిదు పక్షులు. చెరువు బొమ్మని గుమ్మంలోంచే కనబడేలా నిలువెత్తున కట్టారు. చెరువు గట్టువాళ్ళు పదిమంది వచ్చి ఒక మూల నిలబడ్డారు. వాళ్ళ ముందు అక్క ఉంది. కమిషనర్ ఎక్కువ మాట్లాడని మనిషి, చేతి గడియారం మాటిమాటికీ చూసుకుంటోంది. అధ్యక్షుడు ఇసుకతిన్నె గురించి పావుగంట మాట్లాడాడు. ఆ తర్వాత, ముందు అనుకున్న ప్రకారం, ఏకైక సాక్షిని రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పనివ్వకుండా ఉంటే బాగుండేదని అధ్యక్షుడికి తెలుసు, కానీ మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద అచ్చయిపోయింది. అచ్చయినదాన్ని కాదనడం ఆయన స్వభావం కాదు.

మాస్టారు లేచి వేదిక మీదికి పోలేదు. పలకని రెండుచేతులా పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. పెద్ద కిటికీ, పొద్దున్న ఎండ నేరుగా పడుతోంది.

"మేడమ్, ఒక్కసారి ఇటు రండి. ఇది ఆ బొమ్మకి అసలు గాజు. పగిలిపోయిందని వీళ్ళకి అబద్ధం చెప్పాను" అన్నాడు.

కమిషనర్ వచ్చింది. ఆమె వెనక జనం మూగారు. మాస్టారు జేబులోంచి దూది తీసి, బల్ల మీది మంచినీళ్ళ గ్లాసులో ముంచి, పిండి, ఎర్రపట్టీ మీద ఒక చివర పెట్టాడు. రంగు ముందు మొరాయించింది. తర్వాత కరిగి, ఎర్రనీళ్ళయి చొక్కా చేతి మీదికి కారింది. మొదటి ఇల్లు వచ్చింది. కప్పు, పెంకులు, గోడకానించిన నిచ్చెన. రెండోది వచ్చింది. దూది మార్చి మూడోదాని మీద పెట్టి, ఇంకా మెల్లగా తుడిచాడు. గోడలో గుండ్రంగా చక్రం బయటపడింది.

"ఇదేదో ట్రిక్కు మేడమ్" అన్నాడు అధ్యక్షుడు. "ఆయన వృత్తే అది. రాత్రికి రాత్రి గీసి ఉండొచ్చు."

"మీ భూతద్దం ఇలా ఇవ్వండి" అంది కమిషనర్.

చాలాసేపు చూసింది. "చక్రం పక్కన ఎవరో ఉన్నారు. నడుం మీద చెయ్యేసుకుని."

"మా అక్క, మేడమ్" అన్నాడు మాస్టారు. హాలంతా వినబడేలా అన్నాడు. "అది మా ఇల్లు. నేను పుట్టింది అక్కడే. ఆ చక్రానికి పన్నెండింట్లో ఒక ఆకు ఉండదు, పైనుంచి రెండోది. అది ఇప్పటికీ ఆ గోడలోనే ఉంది. నన్ను నమ్మొద్దు. వెళ్ళి లెక్కపెట్టండి."

కమిషనర్ పలకలో పదకొండు లెక్కపెట్టింది. తర్వాత తలెత్తి మూలకి చూసింది. అక్క అక్కడ నడుం మీద చెయ్యేసుకుని, కళ్ళు చిట్లించి, అందరినీ కలిపి తిట్టబోతున్నట్టు నిలబడి ఉంది. కమిషనర్ భూతద్దం అధ్యక్షుడి చేతికిచ్చేసింది. చెప్పులు వేసుకుని, "పదండి" అంది. చరిత్ర సంఘం యావత్తూ, చేతుల్లో కొత్త పుస్తకాలతో, చెరువు గట్టుదాకా ఎండలో నడిచింది. ఆ గట్టు మీద పెద్దమనుషులు షికారు చెయ్యడం బహుశా అదే మొదలు. మూడో ఇంటి ముందు కమిషనర్ వేలుపెట్టి ఒక్కొక్క ఆకే తాకుతూ లెక్కపెట్టింది. పదకొండు. పైనుంచి రెండోది లేదు.

నోటీసులు వెనక్కి పోయాయి. నడకదారి ఆ పద్నాలుగు ఇళ్ళ వెనక నుంచి వంపు తిరిగింది. సంఘం పుస్తకంలో ఇసుకతిన్నె నాలుగు పేజీల మీద తెల్లకాగితం అతికించారు, అధ్యక్షుడికి కూడా చివరికి టచింగ్ పని తప్పలేదు. మాస్టారి ముందువరస కుర్చీ పోయింది. ఊళ్ళో మాత్రం కొత్త గుబులు పట్టుకుంది. ఎవరింట్లో చూసినా తాతగారి ఫొటో గోడ మీంచి దించి, ఆ ముక్కు ఆయనదేనా, ఆ జుట్టు ఆయనదేనా అని వెలుతురుకు పట్టి చూసుకుంటున్నారు.

ఆ రోజు అందరూ వెళ్ళాక మాస్టారు అక్క ఇంటి గుమ్మంలో నిలబడిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అక్క పలక అందుకుని కిటికీ చక్రానికి ఆనించి చూసింది.

"ఇదేంట్రా, అప్పుడే నాకు తల నెరిసిపోయిందా?"

"నెగెటివ్‌లో అంతేనక్కా. నల్లజుట్టు తెల్లగా కనబడుతుంది."

"నువ్వెక్కడున్నావు ఇందులో?"

"నేను కెమెరా వెనక ఉన్నాను కదక్కా."

"అవునులే. నువ్వెప్పుడు ముందుకొచ్చావు గనక" అంది. పలక పక్కన పెట్టి, ఎర్రనీళ్ళు కారిన ఆయన చొక్కా చేతిని పట్టుకుని చూసి, "విప్పి అక్కడ పడెయ్, ఉతుకుతాను. ఈ మరక ఊరుకుంటే పోదు" అంది.

ఆ పలక నుంచి కొత్తగా ఒక అచ్చు తీయించి చక్రం పక్క గోడకి తగిలించారు. చెరువు, పద్నాలుగు ఇళ్ళు, నడుం మీద చెయ్యేసుకుని నల్లజుట్టు అక్క. పైన ఆకాశంలో పక్షులు మాత్రం అలాగే ఉన్నాయి. ఓనరు చెప్పినట్టే, పూసింది పోయింది కానీ గీకింది పోలేదు. చూడవచ్చినవాళ్ళకి అక్క ప్రతిదీ వేలుపెట్టి చూపిస్తుంది, మాస్టారు పక్కన తలవంచుకుని నిలబడి వింటాడు.

"ఆ అయిదు పిట్టలూ మా తమ్ముడి అబద్ధాలు" అంటుంది. "కిందున్నదంతా నిజమే."